వాన కోసం పెట్టించిన తూటు

ఆ తూటు నేను పెట్టించాను.

ఇంతే మాట. కాగితం మీద సగం వరస కూడా పట్టలేదు. ఈ సగం వరసను కడుపులో పెట్టుకుని ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను, రిటైరయ్యాను, సన్మానాల్లో శాలువాలు కప్పించుకున్నాను. నా భర్తకు చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు. ఎన్నోసార్లు గొంతుదాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లు తాగి మింగేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు పెగులుతోంది కాబోలు. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నాకు వెంటనే వేరే ముచ్చట గుర్తొస్తుంది. రోజంతా మాటలు చెప్పి బతికిన తెలుగు టీచర్ని, మాట దాటేయడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇప్పుడు కూడా చూడండి, ముందు బడి గురించి చెబుతానంటున్నాను. తప్పు సంగతి తర్వాతట. తప్పించుకుంటున్నానంటారా? కొంత నిజమే. కానీ ఆ బడి ఎట్లాంటిదో తెలియకపోతే నేను చేసింది ఎంత పనో మీకు అర్థం కాదు.

మెదక్‌లో నిజాం కాలం నాటి రాతిబడి అది. మూరెడు మందం గోడలు, కమానుల వరండా, మధ్యలో పెద్ద హాలు. హాలు మీద టేకు దూలాలు, వాటి మీద ఇటుక, డంగు సున్నంతో పోసిన మిద్దె. ఒక చివర రాతి స్టేజీ. అక్కడ నిలబడి మామూలుగా మాట్లాడితే చాలు, వెనక బల్లమీది పిల్లకు వినిపించేది. కట్టినవాళ్లు ఏం లెక్క చూసి కట్టారో గానీ, మైకు లేని కాలంలో మాటకు విలువిచ్చి కట్టారు. తరగతులన్నీ ఎప్పుడో కొత్త భవనంలోకి వెళ్లిపోయాయి. పాతదాన్ని కూలగొట్టి దుకాణాలు కడతారని కొన్నాళ్లు చెప్పుకున్నారు. చివరికి ఎవరి పుణ్యమో, దాన్ని బాగుచేసి, వెనక కొత్త గదులు చేర్చి, పిల్లలకు పాట, ఆట, బొమ్మ, నాటకం నేర్పే బడిగా మార్చాలని నిర్ణయమైంది. పాత విద్యార్థులతో, పాత టీచర్లతో ఒక కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను. ఆ హాలు గురించి మేడమ్‌కు తెలిసినంత ఎవరికీ తెలియదు అని నన్ను పెట్టారు. నిజమే. ఎవరికీ తెలియదు.

ఆ పని చేయించిన ఆర్కిటెక్టు అఖిల. శంకరంపేట దగ్గరి పల్లె పిల్ల. బస్సులో వచ్చి మా బడిలోనే చదివింది. నా క్లాసులో పద్యం అప్పజెప్పమంటే కిటికీలోంచి బయటికి చూసేది, చెవి మెలేసేదాన్ని. ఆ తర్వాత హైదరాబాదులో చదువుకుని ఇదిగో ఇట్లా తిరిగొచ్చింది. నేను ఊరికే మెచ్చుకునే మనిషిని కాను. నా దగ్గర చదివినవాళ్లను అడగండి, అర మార్కు కోసం ఎంత ఏడిపించానో చెబుతారు. అట్లాంటి నేను ఆ పిల్ల పని చూసి, రోజూ పొద్దున టీ తాగి, అక్కడ కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని.

ముందుగా గోడలకున్న ఆయిల్ పెయింటు గీకించింది. రాయికీ సున్నానికీ గాలి ఆడాలట. మేమేమో ఏటా ప్రేమగా రంగులేసి వాటికి ఊపిరాడకుండా చేశాం. తర్వాత ఆవరణలోనే గానుగ పెట్టించి డంగు సున్నం రుబ్బించింది. అందులోకి బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు. బడంతా బెల్లం వాసన. చీమలు కమిటీ సభ్యులకంటే క్రమం తప్పకుండా హాజరయ్యేవి. నేలమీది షాబాద్ బండల్ని ఒక్కొక్కటీ లేపి, కడిగి, మళ్లీ వాటి చోటనే పరిపించింది. వెనక కట్టిన కొత్త భాగాన్ని పాత మిద్దె కంటే కాస్త తక్కువ ఎత్తులో ఆపేసింది, పెద్దవాళ్ల పక్కన పిల్లలు నిలబడినట్టు. రెండు గోడలూ ఒకదానికొకటి తగలవు. నడుమ సన్నటి సందు, దానిమీద అద్దం. ఆ సందులో నడుస్తూ ఇటు చెయ్యి పెడితే పాత రాయి చల్లగా తగులుతుంది, అటు పెడితే కొత్త గోడ. కొత్త భాగంలో డాన్సుకు చెక్క నేల, పాటకు బయటి చప్పుడు రాని గది, బొమ్మలకు ఎండ మీద పడకుండా వెలుతురు మాత్రం వచ్చే ఉత్తరపు కిటికీలు. నడవలేని పిల్ల చక్రాల కుర్చీతో సహా స్టేజీ ఎక్కేలా వాలుదారి. ఒకరోజు ఆ వాలుదారిని చూస్తూ ఉత్తపుణ్యానికి ఏడ్చాను. దుమ్ము పడిందని చెప్పాను.

హాల్లో ఒక దూలం కొస కుళ్లిపోయి ఉంది. గోడలోకి దిగే చోట. అఖిల కుళ్లినంత మేర కోయించి, కొత్త టేకు చెక్క అతికించింది. అతుకు స్పష్టంగా కనబడుతోంది. పాత కర్ర నల్లగా, కొత్తది తేనె రంగులో. రంగేసి కలిపేయొచ్చు కదా అన్నాను.

"దాస్తే అబద్ధమైతది మేడం. బాగుజేసిన కాడ బాగుజేసినట్టే కనవడాలె," అంది. ఆ పిల్ల కర్ర గురించే అంది. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను.

ఆ దూలం ఎందుకు కుళ్లిందో నాకు తెలుసు.

ఇక దాటేయను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఎక్కువ రోజులు కాలేదు. ఇంకా పక్కా కాలేదు కూడా. ఒళ్లంతా ఉత్సాహం. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పంద్రాగస్టుకు నేనే ఒక నాటకం రాశాను. ఊళ్లో వాన పడక, పిల్లలు కప్పతల్లి ఆడటం. రోకలికి గుడ్డలో కప్పను కట్టి, వేపమండలు పెట్టి, ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు దానిమీద బిందెలతో నీళ్లు పోస్తారు కదా, అదే. చివర్లో నిజంగా వాన పడాలి. పిల్లలు తడవాలి. నా తలలో నాటకం మొత్తం ఆ చివరి వాన కోసమే ఉంది.

హెడ్మాస్టరు కోపిష్టి మనిషి, కానీ ఆ బడి అంటే ప్రాణం. గోడకు మొల కొడితేనే ఇంతెత్తున లేచేవాడు. "నీళ్లు గీళ్లు ఏం లెవ్వు. రేకు డబ్బాల గులకరాళ్లేసి ఊపుండ్రి, వాన సప్పుడొస్తది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. గులకరాళ్ల వానా? చివరికి బతిమాలి బతిమాలి ఒక్కదానికి ఒప్పించాను. స్టేజీ పైన గుడ్డ మబ్బు వెనక తూట్ల పైపు ఒకటి కట్టుకుంటాం, పక్క వెంటిలేటర్‌లోంచి రబ్బరు గొట్టంతో దానికి నీళ్లిస్తాం అన్నాను. సరే అన్నాడు. తీరా పెట్టి చూస్తే నీళ్లు అంత ఎత్తుకు ఎక్కలేదు. ముక్కు కారినట్టు నాలుగు చుక్కలు రాలాయి. అది చూసి పిల్లలు నవ్వారు.

ఆ నవ్వు నేను భరించలేకపోయాను. నిజం చెప్పాలంటే మొత్తం తప్పంతా అక్కడ పుట్టింది. పిల్లల నవ్వు భరించలేని టీచరు.

బోర్ల పని చేసే మా తమ్ముణ్ని పిలిచాను. ఆదివారం మధ్యాహ్నం బడి మూసి ఉంది. ఇద్దరం మిద్దె ఎక్కాం. స్టేజీకి సరిగ్గా నడిమధ్యన ఎక్కడవుతుందో కింద హాల్లో కొలిచి తెచ్చిన తాడును పైన పరిచి చూసుకున్నాం. వాడు ఉలితో, సుత్తితో కొట్టాడు. ఎంత గట్టి మిద్దె! సున్నం రాయిలా అయిపోయింది. వాడి చెమటలు కారాయి. "అక్కా, వద్దే, గిది పగులుతలేదు," అన్నాడు. నేనే కొట్టమన్నాను. చివరికి ఇటుక విరిగింది, దాంతోపాటు దూలం అంచు కూడా కొంచెం లేచింది. గొట్టం పట్టేంత తూటు పడింది. అందులోంచి రబ్బరు గొట్టాన్ని మబ్బు వెనక పైపుకు దించి, పైన పెద్ద డ్రమ్ము పెట్టి నీళ్లు నింపాం. తాగేందుకే నీళ్లు కరువైన ఆ ఏడు, డ్రమ్ము నింపాం. హెడ్మాస్టరుతో మాత్రం వెంటిలేటర్ గొట్టమే సరిచేశామని చెప్పాను. చూపుకు అక్కడొక గొట్టం వేలాడదీసి ఉంచాను కూడా.

వాన పడింది.

దాన్ని మీకు ఎట్లా చెప్పను? హాలు నిండిపోయింది. కుల్చారం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. అందరివీ ఎండిన పొలాలే. పిల్లలు కప్పతల్లి పాట ఎత్తుకున్నారు, ఎక్కడో ఒక చుక్క, తర్వాత ఇంకొకటి, తర్వాత ధార. రాతి స్టేజీ మీద ఆ చప్పుడు. తడి రాతి వాసన హాలంతా కమ్ముకుంది. వెనక వరసలో ఒక ముసలాయన తలగుడ్డ తీసి లేచి నిలబడ్డాడు. తర్వాత అందరూ లేచారు. నా జీవితంలో నేను చేసిన గొప్ప పని అదే. చేసిన చెడ్డ పని కూడా అదే. ఈ రెండింటినీ విడదీయడం ఇన్నేళ్లలో నాకు చేతకాలేదు. ఆ రోజు నుంచి మెదక్‌లో నన్ను వాన టీచర్ అంటారు. కూరగాయలు అమ్మే ఆమె కూడా అట్లానే పిలుస్తుంది.

మరునాడు తమ్ముడు గొట్టాన్ని పైనా కిందా కోసేసి, ఒక బొచ్చెడు సిమెంటు తెచ్చి తూటు మూసేశాడు. కింద సున్నం పూశాను. అయిపోయిందనుకున్నాను. డంగు సున్నానికి సిమెంటు అతకదని నాకేం తెలుసు? ఎండకు అది ఒకలాగా, ఇది ఒకలాగా కదులుతాయట. మొన్న అఖిల చెబితే తెలిసింది. చుట్టూ వెంట్రుక సందు పడుతుంది, ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి, దూలం పొడవునా పాకి గోడలోని కొస దగ్గర నిలుస్తాయి.

ఇప్పుడు యూసుఫ్ సార్ గురించి చెప్పాలి.

యూసుఫ్ సార్ మా డ్రాయింగ్ మాస్టరు. నాకంటే చాలా పెద్ద. మెదక్‌లోనే పుట్టి పెరిగినవాడు, వాళ్ల నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడు. తెల్లటి లాల్చీ మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక ఉండేది. నా వాన నాటకానికి వెనక పరదా ఆయనే గీశాడు. మెదక్ ఖిల్లా, దాని మీద నల్లటి మబ్బు. ఆ మబ్బును చూస్తే గొడుగు వెతుక్కోవాలనిపించేది. వినాయక చవితి వస్తే పిల్లలకు మట్టి వినాయకుణ్ని చేయడం నేర్పేది కూడా ఆయనే. చెరువు మట్టి తెప్పించి, మిద్దె మీద సిమెంటు గాబుల్లో నానబెట్టి, తడి గోనె సంచులు కప్పి ఉంచేవాడు. తొండం విరిగిందని ఏడ్చే పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, నీళ్లద్ది, మళ్లీ అతికించేవాడు. ఆయన క్లాసు నుంచి వచ్చిన పిల్లలు నా క్లాసులో కూడా మెత్తగా ఉండేవాళ్లు. నాకు కొంచెం అసూయ కూడా ఉండేది. అది కూడా రాసేస్తున్నాను, ఎందుకు మిగల్చాలి?

కొన్ని వానాకాలాలు గడిచాయి. ఒక ముసురులో, బడి లేని రోజు, స్టేజీ మీది పైకప్పు పెళ్లలు పెళ్లలుగా రాలి పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. తగిలి ఉంటే ఈ కాగితం రాసే ధైర్యం కూడా నాకు ఉండేది కాదు. ఇంజనీర్లు వచ్చారు, మిద్దె ఎక్కారు. అక్కడ వాళ్లకు కనబడ్డవి తడి గోనె సంచులు, మట్టి గాబులు. ఇంకేం కావాలి?

మీటింగుకు ముందు యూసుఫ్ సార్ నా దగ్గరికి వచ్చాడు. వరండాలో నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. ఆ మాటలు అక్షరం పోకుండా గుర్తున్నాయి. పోనివ్వమన్నా పోలేదు.

"టీచరమ్మా, జర ఒక్క మాట. మిద్దె మీద నా గాబుల పక్కపొంటి సిమెంట్ ముద్ద ఒకటున్నది. నేనైతే పెట్టలే. మీకేమన్న ఎర్కనా?"

"నాకేం ఎర్క సార్? నేను మిద్దె మీదికి ఎన్నడన్న ఎక్కిన్నా?"

"గది నిజమే. మీరెందుకు ఎక్కుతరు," అన్నాడు. "మాఫ్ చేయుండ్రి. ఊకెనే అడిగిన."

నన్ను మాఫ్ చేయమని ఆయన అన్నాడు.

నేను ఎర్ర పెన్నుతో దిద్దుతూనే ఉన్నాను. తల ఎత్తలేదు.

మీటింగులో హెడ్మాస్టరు ఎవరికైనా ఏమైనా తెలుసా అని అడిగాడు. నా ఉద్యోగం పక్కా కావలసి ఉంది. అందుకే నోరు మెదపలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మరి ఆ తర్వాతి ఏడు పక్కా అయింది కదా? అప్పుడెందుకు చెప్పలేదు? అప్పటికి సమయం మించిపోయిందనుకున్నాను. ఎవరి సమయం? నిజం అది కాదు. వాన టీచర్ అన్న పేరు పోతుందని భయం. నేనేదో గొప్పదాన్నని ఊరు అనుకుంటున్న ఒక్క కారణం ఆ వానే. యూసుఫ్ సార్ మాత్రం లేచి నిలబడి, "గాబులు నావే సార్, తడి నాదే," అన్నాడు. ఆయన ఒప్పుకున్నాక మిగతావాళ్ల పని సులువైపోయింది.

హాలుకు తాళం పడింది. హాలు పక్కనే ఉన్న బొమ్మల గది కూడా మూసేశారు. యూసుఫ్ సార్ క్లాసును సైకిళ్ల షెడ్డులోకి మార్చారు. రేకుల కింద, ఎండలో, సైకిళ్ల మధ్య ఆయన పిల్లలకు చెట్టు ఎట్లా గీయాలో చెప్పేవాడు. ఆ దారిన పోవలసి వస్తే నేను చుట్టు తిరిగి పోయేదాన్ని. తర్వాత ఆయన్ను మనోహరాబాద్ వైపు బదిలీ చేశారు. రిటైరయ్యేదాకా బస్సుల్లో పోయివచ్చాడు. ఖిల్లా పరదా చుట్టి ఇంటికి తీసుకుపోయాడు. మా బడికి మళ్లీ డ్రాయింగ్ మాస్టరు రాలేదు. తాళం పడిన హాల్లో పాట లేదు, నాటకం లేదు. ఒక తరం పిల్లలు ఆ స్టేజీ ఎక్కకుండానే బడి దాటిపోయారు. అఖిల వాళ్లలో ఒకతె.

"తాళమున్నప్పుడు కిటికీ సందులకెళ్లి చూసేటోళ్లం మేడం. లోపల చీకట్ల స్టేజీ కనవడేది. మీరు పద్యం చెప్తుంటే నేను గటే చూస్తుండె," అని మొన్న నవ్వుతూ చెప్పింది. నేను ఆ చెవినే మెలేశాను.

ఇన్నేళ్లూ నేను బతికింది ఒక ఊహ మీద. యూసుఫ్ సార్‌కు తెలుసు. ఆ సిమెంటు ముద్ద చూశాడు, వాన చూశాడు, రెండూ కలుపుకోలేడా? తెలిసే నన్ను కాపాడాడు. గొప్ప మనిషి, క్షమించేసి ఉంటాడు. బజారులో ఎదురైతే సలాం పెట్టేవాడు, ఆ సలాంలో కూడా నేను క్షమను చదువుకునేదాన్ని. ఆయన చనిపోయిన రోజు వెళ్లి దూరంగా నిలబడ్డాను. అప్పుడు కూడా ఇదే అనుకున్నాను. తెలుసు, ఆయనకు తెలుసు.

ఇక ఇటీవల జరిగింది. పైకప్పు బాగుచేస్తూ అఖిల ఆ తూటు కనిపెట్టింది. సిమెంటు ముద్ద తవ్వితే లోపల నల్లటి రబ్బరు గొట్టం ముక్క. తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ పిల్లకు కోపం లేదు, పైగా సంబరం. "ఎవరో మస్తు హుషారున్నరు మేడం. స్టేజీకి సరిగ్గా నడుమ పెట్టిండ్రు. గిది డ్రాయింగ్ సార్ పనే, బొమ్మలకు వెలుతురు కోసం పెట్టుకుండొచ్చు. తర్వాత ఎవరో మూసిండ్రు," అంది. ఆ తూటును మూయించలేదు. మందపాటి అద్దం పెట్టించింది, చుక్క నీరు దిగకుండా. మధ్యాహ్నం పూట అందులోంచి ఎండ జారి స్టేజీ మధ్యన గుండ్రంగా పడుతుంది. ఎంత బాగుందో చెప్పలేను. కింద చిన్న రాతి ఫలకం పెడతానంది, యూసుఫ్ సార్ పేరుతో. ప్రారంభోత్సవం నాడు ఆయన గురించి నన్నే మాట్లాడమంది.

అంటే నా తూటును ఆయన పేరు మీద రాతిలో చెక్కుతారు. నేను పక్కన నిలబడి పొగడాలి.

ఆయన గీసిన ఖిల్లా పరదాను ఆ రోజు స్టేజీకి కట్టాలని కూడా అఖిల ఆశ. పరదా ఆయన కూతురు నస్రీన్ దగ్గర ఉంది. బజారులో కిటికీ పరదాలు, సోఫా గలీబులు కుట్టే దుకాణం ఆమెది. అఖిల వెళ్లి అడిగితే ఇవ్వనందట. "మా అబ్బా ఖరాబు జేసిన హాలని ఊరంత అన్నరు. మా అబ్బా పరదా గా హాల్ల ఎందుకు?" అందట. అఖిల చిన్నబోయిన మొహంతో వచ్చి నాకు చెప్పింది. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను, తినలేకపోయాను. ఆ కూతురు ఇన్నేళ్లూ తండ్రి గురించి ఆ మాట మోసింది. నా మీద పడాల్సిన మాట.

నిన్న పొద్దున నస్రీన్ దుకాణానికి వెళ్లాను. "రాండ్రి మేడం, కూసోండ్రి," అంది. కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. ఆదివారం, తమ్ముడు, ఉలి, డ్రమ్ము, సిమెంటు, అన్నీ. ఆమె మిషన్ ఆపింది. బట్ట మీద చెయ్యి అట్లాగే ఉంది.

"అబ్బా మిమ్మల్ని అడిగిండా?"

"అడిగిండు."

"మీరేమన్నరు?"

"నాకు ఎర్క లేదన్న."

పక్క దుకాణంలో ఎవరో బేరమాడుతున్నారు. నేను నా ఊహను బయటికి తీశాను. ఎందుకు తీశానో, ఓదార్పు కోసమేనేమో, సిగ్గులేని మనిషిని. "సార్‌కు ఎర్కనే గావచ్చు నస్రీన్. ఎర్కుండే ఊకున్నడు," అన్నాను.

ఆమె తల ఎత్తి చూసింది.

"లేదు మేడం. మా అబ్బా మీ మాట నమ్మిండు. బస్సుల పోయొచ్చి, కాళ్లకు నూనె పెడుతుంటే రోజు అదే అడుగుతుండె. నా గాబులు గంత బరువున్నయా బేటీ, అని. పాణం పోయే ముందుగాల్ల గూడ అడిగిండు. చవితికి జర మట్టి నానబెడితే మిద్దె కూలుతదా, అని."

తర్వాత మిషన్ మీదికి వంగింది. "ఇగ మీరు పోండ్రి," అంది. గట్టిగా కూడా అనలేదు.

నేను వచ్చేశాను. బజారు ఎట్లా దాటానో తెలియదు. నమ్మాడు. నేను మిద్దె ఎక్కలేదంటే నమ్మాడు. నన్ను నమ్మి, తనను అనుమానించుకున్నాడు. నా తప్పు తాను దాచాడని నేను సుఖంగా అనుకున్న ఆ ఏళ్లన్నీ ఆయన తన గాబుల బరువు లెక్క కట్టుకుంటూ కూర్చున్నాడు. ఈ ఒక్కటీ తెలియకుండా చచ్చిపోయినా బాగుండేది అనిపించింది. మళ్లీ అనిపించింది, నీకు బాగుండేది, ఆయనకు కాదు.

నేరుగా బడికి పోయాను. పనివాళ్లు అన్నాలకు వెళ్లారు. హాలు ఖాళీ. కడిగిన షాబాద్ బండలు, బయటపడిన రాయి, బెల్లం వాసన ఇంకా పూర్తిగా పోలేదు. అతుకు పడిన దూలం. స్టేజీ నడుమ గుండ్రటి ఎండ. ఇంత అందంగా తయారైంది చూశారా సార్, అనుకున్నాను. సైకిళ్ల షెడ్డు ఉన్న చోటనే ఇప్పుడు ఉత్తరపు కిటికీల బొమ్మల గది ఉంది. దాని పక్కన మట్టి పనికి తొట్లు కూడా కట్టించింది అఖిల, నేల మీద, నీళ్లు పోయే దారితో. మీ పిల్లలు వస్తారు సార్. మీరే లేరు.

అఖిల వచ్చింది. ఆమెకూ చెప్పాను. ఓదార్చలేదు, తిట్టలేదు. చెవి పట్టుకుని నిలబడింది, చిన్నప్పటి అలవాటు కాబోలు. "మరి ఫలకం మీద ఏం రాయాలె మేడం?" అని అడిగింది.

"సార్ పేరు బొమ్మల గది మీద రాయి. ఈ తూటు కింద ఏం రాయకు. గా సంగతి నేను స్టేజీ మీద చెప్త," అన్నాను.

రేపు ప్రారంభోత్సవం. పరదా కట్టడానికి అఖిల కొక్కేలు బిగించి ఉంచింది. నస్రీన్ దగ్గరి నుంచి కబురు లేదు. రాకపోవచ్చు. రావాలని అడిగే హక్కు నాకు లేదు. చెప్పాక ఊరు నన్ను ఏమని పిలుస్తుందో కూడా తెలియదు. తేలికగా ఉందా అని అడిగితే, ఉంది. ఇంత జరిగాక నాకు తేలికగా ఉండటం న్యాయమా, మీరే చెప్పండి. మీకు నా పేరు చెప్పలేదు. మెదక్‌లో మాత్రం పేరు పెట్టే చెబుతాను, మొదటి మాటగా, ఆ స్టేజీ మీద నిలబడి. ఆ హాల్లో మాట వెనక బల్లదాకా పోతుంది.

మీ గాబుల వల్ల కాదు యూసుఫ్ సార్. తూటు నేను పెట్టించాను.